ఊరు మార్చారు, డబ్బా మార్చలేదు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. మా అత్తగారికి నాలుగేళ్లుగా డిమెన్షియా. మొదట్లో కళ్లజోడు ఎక్కడ పెట్టిందీ మరిచిపోయేవారు, ఇప్పుడు నేనెవరో మరిచిపోతున్నారు. ఏడాదిన్నర కిందట ఫేస్‌బుక్‌లో మారుపేరుతో మా ఇంటి సంగతులు రాయడం మొదలుపెట్టాను. ఊరు మార్చాను, మావారి ఉద్యోగం మార్చాను, ఇద్దరు పిల్లలను ఒక్కరిని చేశాను. మొన్న ఒకటి రాశాను. అత్తగారు తన గాజులు తీసి కందిపొడి డబ్బాలో దాచి, పనిమనిషి ఎత్తుకుపోయిందని వీధంతా వినేలా కేకలు పెట్టిన రోజు గురించి. చాలామంది చదివారు, పంచుకున్నారు. నాలుగో రోజున మా ఆడపడుచు దాన్నే తెచ్చి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "ఎవరో గానీ, అచ్చం మన అమ్మను చూసి రాసినట్టే ఉంది" అని. అందరూ కన్నీటి బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. ఆ రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదు. నేను రాస్తున్నానని మావారికి తెలుసు, కానీ ఆయన చదవరు. పదో తరగతి చదివే మా అమ్మాయికి తెలియదు. దాని గురించీ రాశాను. "ముసుగు వేసుకుని రాయడం పిరికితనం, నీ పేరు పెట్టు" అంటుంది ఒక స్నేహితురాలు. "అన్నీ తీసేసి ఊరుకో" అంటుంది ఇంకొకామె. పేరు పెట్టమంటారా, దాచుకోమంటారా?

సమాధానం:

అమ్మా,

ఈ ఉత్తరం కోసమే మీరు కొత్తగా ఒక ఈమెయిల్ తెరిచినట్టున్నారు. కింద సంతకం లేదు, ఊరు లేదు. అంత జాగ్రత్తా పడి, మీ ఆడపడుచు మాటలు నాకు చూపించడానికి వాట్సాప్ గ్రూపు స్క్రీన్‌షాట్ జతచేశారు. దాని నెత్తిమీద గ్రూపు పేరు ఉంది. ఆ పేరు మీ ఇంటిపేరే. పక్కన గుండ్రటి బొమ్మలో, ఏదో పెళ్లిలో తీయించుకున్నది కాబోలు, మీరంతా వరసగా నిలబడి ఉన్నారు. చూసిన వెంటనే దాన్ని చెరిపేశాను; మీరూ చెరిపేయండి. ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. పేరు దాచుకోవడమంటే రోజూ చేయాల్సిన కాపలా. ఏ రోజో ఒక రోజు కాపలావాడికి కునుకు పడుతుంది.

మీరు అడిగినదానికి సూటిగానే చెబుతాను. మారుపేరు ఉంచుకోండి. కానీ అది మీ ఇంట్లోవాళ్ల నుంచి మిమ్మల్ని దాస్తుందన్న ఆశ ఈ రోజే వదిలేయండి.

మీ విద్యార్థులు, కళాశాల యాజమాన్యం, పై వాటాలో అద్దెకున్నవాళ్లు, ముక్కూ మొహం తెలియని వేలమంది: వీళ్ల ముందు మారుపేరు బాగానే పనిచేస్తుంది. అదీ కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుంటేనే. ఆ ఖాతా మీ మామూలు ఫోను నంబరుతో తెరిచారా? అయితే ఆ నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్లకు మీ మారుపేరును "మీకు తెలిసినవారు కావచ్చు" అని చూపించే వీలుంది. అది ఈ రాత్రికే చూసుకోండి. ఊరి పేరు మార్చడం మంచిదే. పుట్టిన తేదీ, ఆడో మగో, అయిదంకెల తపాలా కోడు, ఈ మూడు తెలిస్తే చాలు, అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఒక్కొక్కరిగా విడదీసి పట్టుకోవచ్చునని లతాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లో లెక్క తేల్చారు. విడివిడిగా చూస్తే ఎవరికీ పనికిరాని మూడు ముక్కలు, కలిపితే మీ ఇంటి గుమ్మం ముందు ఆగుతాయి.

అయితే ఇవన్నీ పరాయివాళ్లు పట్టుకునే ఆనవాళ్లు. ఊరు, ఉద్యోగం, పిల్లల లెక్క అంటూ జనాభా లెక్కలవాళ్లు వచ్చి రాసుకునేవన్నీ మీరు మార్చేశారు. మీ ఆడపడుచుకు వాటితో ఏం పని? ఆమెకు ఆ డబ్బా చాలు. వాళ్లమ్మ చీటీ డబ్బులు ఆ డబ్బాలోనే దాచేదేమో. కాలేజీ రోజుల్లో అందులోంచి ఆమె ఇరవై రూపాయలు కాజేస్తే నోటుకు వెల్లుల్లి వాసన కొట్టేదేమో. మీరు ఆ ఇంటికి కోడలిగా రాకముందు నుంచీ ఆమెకు తెలిసిన డబ్బా అది. ఊరు మార్చారు గానీ డబ్బా మార్చలేదు. మార్చబుద్ధి కాలేదని నాకు తెలుసు. మీ రచన మొత్తం నిలబడింది ఆ డబ్బా మీదే. మూత తీయగానే పొడి అంటిన గాజులు కనిపించడం, మీరు వాటిని కుళాయి కింద కడుగుతూ ఏడవడం... అది తీసేస్తే మిగిలేది ఒక ఆసుపత్రి కరపత్రం.

రాసేవాళ్లందరికీ ఉన్న చిక్కే ఇది. రచనకు ప్రాణం పోసేదీ, మనిషిని పట్టించేదీ ఒకే వివరం.

ఇప్పుడు ఒక సంగతి. పైన అచ్చయిన ప్రశ్నలో ఉన్నది మీ డబ్బా కాదు. మీకు తిరిగి రాసి, మీరు సరేనన్నాకనే మార్చాను. మీరు రాసింది కందిపొడి కాదు, దాచినవి గాజులూ కావు. మీ ఉత్తరం చదివి నేను పట్టించుకున్నది ఒక్కటే: ఆ వయసు ఆడమనిషి తను తప్ప ఇంకెవరూ తెరవరని నమ్మే పాత్ర ఏది అని. ఒక ఇంట్లో కందిపొడి, ఇంకో ఇంట్లో చింతపండు జాడీ, మరో ఇంట్లో దేవుడి గూట్లో విభూది పెట్టె. వివరం ఏ పని చేస్తోందో తెలుసుకుంటే, అదే పని చేసే ఇంకో వివరం దొరుకుతుంది. వెంటనే దొరకదు. నాకు ఒక పూట పట్టింది. ఇది చదివినవాళ్లలో ఎవరికైనా డబ్బా అతికించినట్టు అనిపించిందా? అనిపించి ఉండదనే నా ధీమా. (అనిపిస్తే, ఆ తప్పు నాది.)

పేరు దాచి ఇంట్లోవాళ్ల గురించి రాసి నేను కూడా చేతులు కాల్చుకున్నాను. పాతికేళ్లు దాటింది. ఒక వారపత్రికకు మారుపేరుతో చిన్న రచన పంపాను. పండగ పూట భోజనాల దగ్గర మా నాన్నగారు కంచం విసిరికొట్టిన సంగతి. నాన్నను బాబాయిని చేశాను, సంక్రాంతిని ఉగాది చేశాను. అచ్చయిన వారం ఆయన ఆ పత్రికను ఆ పేజీ దగ్గరే మడిచి నా బల్ల మీద పెట్టారు. "విసరలేదు. చెయ్యి తగిలి జారింది. ఆ రోజు నాకు 102 జ్వరం" అన్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. ఆయన పోయి పదకొండేళ్లయింది. కంచం విసిరారో జారిందో ఇప్పటికీ నాకు తెలియదు. జ్వరం సంగతి మాత్రం అమ్మ నిజమేనంది. ముందే అడిగి ఉంటే ఆ జ్వరం రచనలోకి వచ్చేది. రచన ఇంకా బాగుండేది కూడా. మన మీద రాశారన్న కోపం కన్నా, మన మాట వినకుండా రాశారన్న బాధ ఎక్కువ రోజులు ఉంటుందని ఆయన మొహం చూసి తెలుసుకున్నాను.

మీ స్నేహితురాలు పిరికితనం అన్నారు. నేనొప్పుకోను. 1885లో బొంబాయిలోని టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికకు "ఒక హిందూ మహిళ" అనే సంతకంతో బాల్యవివాహాల మీద ఉత్తరాలు వచ్చాయి. రాసింది రఖ్మాబాయి. చిన్నప్పుడే జరిగిన తన పెళ్లిని ఒప్పుకోనని, భర్త కాపురానికి రమ్మని వేసిన దావాలో ఎదురు నిలబడిన మనిషి. ఉత్తరాల్లో పేరు దాచుకున్న ఆమే, 1887లో కాపురానికి వెళ్లు, లేదంటే ఆరు నెలలు జైలు అని కోర్టు అన్నప్పుడు జైలుకే వెళతానంది. తరువాత లండనులో వైద్యం చదివి డాక్టరై తిరిగొచ్చింది. ఆమెను పిరికిది అనగలరా? పేరు చెప్పాల్సిన చోట చెప్పింది, అక్కర్లేని చోట చెప్పలేదు. మన దగ్గర మారుపేరు మొదటి నుంచీ మర్యాదస్తురాలే. భాగవతుల నరసింగరావు, బాలాత్రిపురసుందరమ్మ దంపతులు బీనాదేవి పేరు వెనక నుంచి ఎంత కటువైన నిజాలు రాశారో పాత పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆయన న్యాయశాఖలో పనిచేసేవారు.

పైగా మీ రచనల్లో ఒకటి మారుపేరు లేకపోతే పుట్టేదే కాదు. అత్తగారి మీద చెయ్యి ఎత్తాలనిపించి, స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని, బకెట్టు నిండేదాకా కుళాయి తిప్పి ఆ చప్పుడులో కూర్చున్న రాత్రి. మీరు పంపిన అయిదింటిలో నాకు గొప్పగా అనిపించింది అదే. దాని కింద "నేనూ అంతే, ఎవరికీ చెప్పుకోలేదు" అని ఎంతమంది రాశారో మీరూ చూశారు. సొంత పేరు పెట్టుకున్న కోడలు ఆ వాక్యం రాయగలదా? రాస్తే ముందుగా వచ్చేది సానుభూతి కాదు, "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెత. (గమనించారా, ఈ సామెతను కొడుకులకు ఎవరూ చెప్పరు.) ఆ రచన తీయకండి. అందులో బయటపడింది మీ గుట్టు. దాన్ని దాచుకోవడానికీ చెప్పుకోవడానికీ హక్కు మీదే.

మరి మిగిలినవాళ్ల గుట్టు? వాళ్లు మారుపేరు పెట్టుకోలేదు. వాళ్లకు మీరు పెట్టారు. మీ ఉత్తరంలో లేని ఈ ప్రశ్నే నన్ను రెండు రోజులు వదల్లేదు.

అందరికన్నా ముందు మీ అమ్మాయి. ప్రీఫైనల్ లెక్కల పరీక్షలో మార్కులు తక్కువ వచ్చి, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తనే గీసుకుందని, ఆ సంతకంలో అక్షరం కూడా తప్పిందని రాశారు. నవ్వొచ్చేలా రాశారు, నేనూ నవ్వాను. నా భయం కూడా అందుకే: నవ్వొచ్చేది ఎక్కువమందికి చేరుతుంది. మీ ఆడపడుచు పట్టుకున్న మరుక్షణం ఇది ఎవరి కూతురో కూడా తేలిపోతుంది. అక్కడి నుంచి బడికి ఎంత దూరం? ఉత్తరం చదవడం ఆపి ఫోను తీసి ఆ రచన చెరిపేసి రండి, నేను ఆగుతాను. పంచుకున్నవాళ్ల ఫోన్లలోంచి అది పోదు, అయినా సరే. ఆ తరువాత అమ్మాయికి చెప్పండి. "నీ గురించి రాశాను, నిన్ను అడగలేదు, తీసేశాను." అలుగుతుంది. అలగనివ్వండి. పిల్లల ఫొటోలు బయట పెట్టే విషయంలో వాళ్ల వయసును, పరిణతిని బట్టి వాళ్ల మాట కూడా వినాలని ఫ్రాన్సు 2024లో ఏకంగా చట్టమే చేసింది. పదిహేనేళ్ల పిల్ల మాట వినడానికి మనకు చట్టం దాకా ఎందుకు? ఇకపై దాని గురించి రాసిన ప్రతి ముక్కా ముందు దానికి చూపించండి. వద్దంటే వద్దు. ఎందుకు వద్దో అడగకండి కూడా.

అత్తగారి సంగతి ఇంత తేలిక కాదు. ఆమెను అడగలేరు. అడిగినా ఆ జవాబు మర్నాటికి ఆమెకు గుర్తుండదు. నేనైతే ఒక పని చేస్తాను. తెలివి నిలకడగా ఉన్న రోజుల్లో ఆమె ఈ సంగతిని ఎవరి ముందు చెప్పుకునేవారు అని ఊహించుకుంటాను. నగలు డబ్బాలో దాచి అందరినీ హడలగొట్టిన కథను పేరంటంలో తనే నవ్వుతూ చెప్పి ఉండేవారేమో. ఈ జబ్బులో దాచిన చోటు మరిచి పక్కవాళ్లను దొంగలనడం చాలా ఇళ్లలో జరిగేదే. అంతమందికి మీ రచన తమ ఇంటి సంగతిలా తోచింది అందుకే. కానీ తడిసిన చీర గురించి రాసిన రచన ఉందే, దాన్ని ఆమె కూతురి ముందు కూడా చెప్పుకునేవారు కాదు. అది తీసేయండి. పక్క దుప్పటి ఎన్నిసార్లు మార్చారో రాయకుండానే తెల్లవారు జామున మీ నడుము ఎలా పట్టేసిందో రాయవచ్చు. చదివేవాళ్లలో ఆ పని చేసినవాళ్లకు అర్థమవుతుంది.

ఇంకొకరున్నారు. ఇంట్లో అందరి పేర్లూ మార్చారు, పనిమనిషి పేరు మాత్రం మొదటి రచన నుంచి చివరిదాకా ఒక్కటే. అసలు పేరే కదూ? ఆమె ఫేస్‌బుక్ చూడదని అనుకుని ఉంటారు. ఆమె కొడుకు చూస్తాడు. వీధంతా వినేలా దొంగ అనిపించుకున్న మనిషి పేరు ఇప్పుడు వేలమంది చదివారు. నగలు దొరికాక ఆమెకు ఏం చెప్పారో రచనలో లేదు. చెప్పి ఉంటే అది రాయండి. చెప్పకపోతే ముందు చెప్పి రండి, రాయడం సంగతి తరువాత.

"నేను రాసిందంతా నిజమే కదా" అంటారేమో. చట్టం దగ్గర ఆ మాట పూర్తిగా చెల్లదు. తమిళనాడులో ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక వేయబోయినప్పుడు వచ్చిన కేసులో, 1994లో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. ఒకరి కుటుంబం, పెళ్లి, సంతానం, చదువు లాంటి విషయాలను వాళ్ల అనుమతి లేకుండా ప్రచురించకూడదు. అది నిజమైనా కాకపోయినా, పొగిడినా తెగిడినా సరే. బహిరంగ రికార్డుల్లో ఉన్నవాటికి మినహాయింపు ఉంది, కానీ మీ వంటింటి డబ్బా ఏ రికార్డులోనూ లేదు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కు అంది. ఇక మీ సొంత సంగతి చూస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఉదాహరణగా చూపిందే ఒక రాసే ఆవిడను. తన అభిప్రాయాలు రాస్తూ తన వివరాలు తనే బహిరంగంగా పెట్టుకుంటే వాటికి ఆ చట్టం రక్షణ వర్తించదని. మారుపేరు కూడా చట్టం ముందు ఆగదు. అధికారం ఉన్న ప్రభుత్వ సంస్థ ఉత్తర్వు ఇచ్చి అడిగితే 72 గంటల్లో వివరాలు అందించాలని 2021 నాటి ఐటీ నిబంధనలు సామాజిక మాధ్యమ సంస్థలకు చెబుతున్నాయి. మీ ఆడపడుచు కోర్టుకు వెళతారని కాదు. అలాంటి కుటుంబంలా కనిపించడం లేదు. నిజం రాశానన్నది ఒక్కటే మన చేతిలో కత్తిలా పట్టుకోకూడదని చెబుతున్నాను.

మీ వారు చదవరన్నారు. చదవకపోవడం కూడా ఒక అభిప్రాయమే. అత్తగారు ఆయనకు తల్లి. అమ్మ గురించి ప్రపంచానికి ఏం చెబుతున్నారో కొడుకుగా ఆయన ఒక్కసారైనా చదవాలి. స్నానాలగది రచన ఇచ్చి చదవమనండి. రాత్రిపూట అమ్మ దగ్గర ఎవరు లేవాలన్న లెక్క దానితో మారవచ్చు. మారకపోతే, వయోవృద్ధుల సహాయవాణి 14567 ఉంది. వాళ్లకు ఫోను చేసి మీకు దగ్గరలో ఏ సాయం దొరుకుతుందో అడగండి. ఎంత బాగా రాసినా రచన ఎవరికీ నిద్ర ఇవ్వదు.

ఇక ఆడపడుచు. "ఎవరో గానీ" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఏమీ తెలియక పెట్టి ఉండవచ్చు. నాకైతే ఆమెకు తెలుసనిపిస్తోంది. తెలిసి, అందరి ముందు నిలదీయకుండా, మీరు నోరు విప్పడానికి ఒక తలుపు ఓరగా తీసి ఉంచారు. మీరు ఒక కన్నీటి బొమ్మతో దాన్ని మూసేశారు. అన్నేళ్లుగా తల్లిని చూసుకుంటున్నది మీరు, దూరంగా ఉండి కుమిలిపోతున్నది ఆమె. ఆ రచన చదివి ఆమెకు కోపం ఒక్కటే వచ్చి ఉంటుందని నేను అనుకోవడం లేదు.

గ్రూపులో ఏమీ రాయకండి. నేరుగా ఆమెకు ఫోను చేయండి, పిల్లలు బడికి వెళ్లిన వేళ చూసి. "అది రాసింది నేనే" అన్న మాట మొదట చెప్పేయండి. కారణాలు తరువాత. ఆమె తిడితే ఒక అయిదు నిమిషాలు తిట్టనివ్వండి. అప్పుడు డబ్బా గురించి అడగండి, అది ఎన్నేళ్ల నాటిదో, అందులో ఇంకేం దాచేవారో. మా నాన్నగారి జ్వరం లాంటిది ఆమె దగ్గర ఏదో ఉండే ఉంటుంది.

ఈ సమాధానాన్ని వారం ముందే మీకు పంపుతున్నాను. ఎన్ని మార్చినా ఆడపడుచు, వాట్సాప్ గ్రూపు, పనిమనిషి మిగిలే ఉన్నాయి. చదివితే ఆమె పోల్చుకుంటారు. వచ్చే సోమవారం ఇది వెలువడుతుంది. ఆదివారం లోపు ఫోను చేయండి.